ఊరి పోతును ఎంచిన చెయ్యి

మా పెద్దనాయన పోయాడన్న కబురు నాకు సుక్మాలో, పశువుల దవాఖానాలో అందింది. మంగళవారం పొద్దున. ఎవరిదో మేక కాలు విరిగితే కట్టు కడుతున్నాను. ఫోన్లో నంబరు మా ఊరి పక్కింటివాళ్ళది, గొంతు మా పెద్దమ్మది. "బిడ్డా, మీ పెద్దనాయన పోయిండే. ఊట కాడికెళ్ళి నీళ్ళు తెచ్చి, కావడి దించి, అరుగు మీద కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. గంజి తాగమంటే పలకడే!" అంది. ఆవిడ గొంతులో అప్పటికింకా ఏడుపు లేదు. గంజి చల్లారిపోతోందన్న కోపమే ఉంది. నేను కట్టు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, డాక్టర్ సాబ్‌కి చెప్పి బయటికి వచ్చి, సైకిల్ స్టాండు దగ్గర నేల మీద కూలబడి ఏడ్చాను.

అంతకు నాలుగు రోజుల ముందే నేను ఆయన దగ్గర ఉన్నాను. ఆ పొద్దుటి సంగతి చివర్లో చెప్తాను. ఇప్పుడే చెప్పేస్తే తక్కినది రాయడం నా వల్ల కాదు.

మాది సుక్మాకు దక్షిణాన శబరి వైపున్న ఊళ్ళలో ఒకటి. ఇంట్లో తెలుగు, చేలో దోర్లి, బజారులో హల్బీ, సర్కారువాళ్ళతో హిందీ. మా పెద్దనాయన ఈ నాలుగింటిలోనూ పశువులతో మాట్లాడేవాడు. మనుషులతో ఒకదాంట్లోనూ సరిగా మాట్లాడేవాడు కాదు. ఆయన పని కొట్టడం. కోడెదూడలకు, మేకపోతు పిల్లలకు వట్టలు కొట్టడం. చదువుకున్నవాళ్ళు ముఖం తిప్పుకోకండి. మీరు బజారులో మెత్తటి మాంసం కావాలని అడిగి కొనుక్కునేది ఆ పని చేసినవాడి పుణ్యమే. నాగలికి కట్టిన ఎద్దు మాట వింటుందంటే అదీ ఆ పుణ్యమే. చుట్టుపక్కల పది ఊళ్ళకు ఆయనొక్కడే. రెండు వెదురు బద్దలు, ఓ నారతాడు, పసుపు, ఇప్పనూనె. ఇంతే ఆయన సరంజామా. పని మొదలుపెట్టే ముందు పిల్ల చెవిలో ఏదో గొణిగేవాడు. నేను చిన్నప్పుడు మంత్రం అనుకున్నాను. పెద్దయ్యాక దగ్గరికి పోయి విన్నాను. "మన్నించు నాయనా. నీ వంతు కూడ నీ తోడుబుట్టినోడే మోస్తడు" అంటున్నాడు.

ఆ తోడబుట్టినవాడు ఉండేవాడు. మా వైపు ఆనవాయితీ అది. మేకలు ఈనే ప్రతి ఈతకూ ఊళ్ళోని పోతుపిల్లలన్నిటినీ ఓ రోజు ఒకచోటికి తోలుకొస్తారు. అన్నిటినీ కొడతారు, ఒక్కదాన్ని మాత్రం వదిలేస్తారు. అదే ఊరి పోతు; ఊళ్ళో మేకలన్నీ దానికే చూడి కట్టాలి. దాన్ని ఎంచేది కొట్టేవాడే. ఆ రోజు మా పెద్దనాయన ఎంపిక అయ్యేదాకా పచ్చి గంగ ముట్టేవాడు కాదు. ఒక్కో పిల్లనూ ఒళ్ళో వేసుకుని, కళ్ళు మూసుకుని, కింద చెయ్యిపెట్టి చూసేవాడు. వట్టలు చింతగింజలంత ఉంటాయి అప్పుడు. ఎంచిన పిల్ల ఎడమ చెవికి చిన్న గాటు పెట్టి, మెడలో ఎర్రదారం కట్టి, పాలు మానగానే మా ఇంటికి తెచ్చేసుకునేవాడు. ఈడుకొచ్చేదాకా అది మా దొడ్లోనే పెరగాలి. తరువాత ఊరంతా దాని ఇల్లే. ఎవరి చేలో పడ్డా కర్ర ఎత్తరు.

ఆయనకూ పెద్దమ్మకూ పిల్లల్లేరు. మా అమ్మానాన్నలకు నలుగురం. నేను మూడోదాన్ని. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు, నేనే వెళ్ళి వాళ్ళింట్లో పెరిగాను. నాకు ముక్కు మీద కోపం, మా అమ్మకీ అంతే, ఇద్దరం ఒక కప్పు కింద ఇమడలేదు. పెద్దనాయన నన్ను ఒక్కనాడూ కోప్పడలేదు. నేను అరిచి అలిసిపోయాక, "అయిందా? దా, పిల్లను పట్టుకో" అనేవాడు.

పదో తరగతి తరువాత నాకు పశువుల పని నేర్పే శిక్షణలో చోటొచ్చింది. క్లాసులో ఆడవాళ్ళం ఇద్దరమే. మగపశువుల పాఠం రోజు మగపిల్లలు ఒకరినొకరు పొడుచుకుని నవ్వడం మొదలుపెట్టారు. నేను ఇంటికొచ్చి చదువు మానేస్తానన్నాను. పెద్దనాయన దొడ్లోంచి ఓ పోతుపిల్లను ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పడేశాడు. "సిగ్గు మనుషులకమ్మా. పశువుకి లేదు. రోగానికి అసలే లేదు. పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. చేతికేమీ తగల్లేదు. "ఏం లేవు" అన్నాను. ఆయన కిసుక్కున నవ్వాడు. నా రెండు చేతులూ తీసుకుని తన చంకల్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు కాసేపు. చలికాలం. పెద్దమ్మ చూసి, "ఏందయ్యా, బిడ్డ చేతులకు కాపడం పెడ్తున్నవా?" అంది. చేతులు వెచ్చబడ్డాక, "ఇప్పుడు చూడు" అన్నాడు. చూశాను. ఉన్నాయి. చక్కగా రెండు.

"సల్లటి చెయ్యి పెడితే పిల్ల పైకి గుంజుకుంటది, దాసుకుంటది. చెయ్యి ఎచ్చజేసుకోకుండ పిల్లను ముట్టొద్దు. సల్లటి చెయ్యి అబద్ధం చెప్తది" అన్నాడు.

శిక్షణలో ఈ ముక్క చెప్పలేదు. చేతులు కడుక్కోమని మాత్రం వందసార్లు చెప్పారు. పరీక్షలో నేను మొదటి వరసలో వచ్చాను. అది ఎవరి చలవో నాకు తెలుసు. ఉద్యోగం వచ్చాక దవాఖానా పట్కారు ఒకటి తెచ్చి ఆయనకు చూపించాను. కోత లేదు, రక్తం లేదు, నొక్కితే చాలు. దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా బద్దలకు ఇనుప తొడుగు ఏసిన్రు, గంతేగదా" అని తిరిగి ఇచ్చేశాడు. కానీ ఆ తరువాత ఊళ్ళో ఎవరు కనబడ్డా, "మా బిడ్డ కాడ సర్కారు బద్దలున్నయి" అని చెప్పుకున్నాడట.

ఇంక డబ్బాల సంగతి.

వాగు అవతల మొక్కజొన్న చేలు వచ్చాక గడ్డిమందు వచ్చింది. మా చిన్నప్పుడు కలుపంటే ఆడవాళ్ళు వరసగా కూర్చుని పాటలు పాడుతూ తీసేది. ఇప్పుడు ఒక మనిషి వీపుకు ట్యాంకు తగిలించుకుని పోతే పూటలో అయిపోతుంది. మందు అయిపోయిన పెద్ద తెల్ల డబ్బాలు గట్టున పడి ఉండేవి. మంచి మందమైన ప్లాస్టిక్కు. మట్టి కుండలు మేకలు తంతే పగిలిపోతున్నాయని మా ఊళ్ళో అందరికీ విసుగు. మా పెద్దనాయన ఆ డబ్బాలు ఏరుకొచ్చి, వాగులో కడిగి, బూడిదతో తోమి, మూతలు తీసి ఎండలో బోర్లించేవాడు. రోజూ పొద్దున ఒక్కోదానికి ముక్కు పెట్టి వాసన చూసేవాడు. ఆయన ముక్కు మామూలుది కాదు. మేక ఎదకొచ్చిందని అది అరవకముందే చెప్పేవాడు. "వాసన పోతే విషం పోయినట్టే" అనేవాడు. నెల దాటితే గాని ఏ డబ్బానూ కొయ్యలేదు. వాసన పూర్తిగా పోయాక కొడవలి కాల్చి డబ్బాను నిలువునా కోసి, అంచులు చెయ్యి గీరుకోకుండా నున్నగా కాల్చి, తొట్టి చేసేవాడు. ఇంటింటికీ తొట్టి ఇచ్చాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. అన్నిటికంటే మంచి తొట్టిని మా దొడ్లో, ఎర్రదారం పిల్లకు పెట్టాడు.

నేనూ ఆ దొడ్లోకి వారం వారం వచ్చేదాన్నే. నేనూ చూశాను ఆ డబ్బాలను. పశువుల పని చదువుకున్నదాన్ని. మా పెద్దనాయన పనితనం చూసి మురిసిపోయాను తప్ప ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

ఆ తొట్లు వచ్చాక ఎంచిన మొదటి పోతు ఈడు దాటినా మేకల వైపు తిరిగి చూడలేదు. పిల్లలాగే గంతులేస్తూ తిరిగింది. చెయ్యిపెట్టి చూస్తే చింతగింజలు కొంచెం లావయ్యాయంతే. అలాంటిది ఎప్పుడో ఒకటి తగులుతుందన్నారు ఊరివాళ్ళు. పాత పోతు అప్పటికే ముసలిదై చచ్చిపోతే పక్క ఊరి పోతును తెచ్చి గడుపుకున్నారు. రెండో ఏడు ఎంచినదీ అంతే. ఆ ఏడు పక్క ఊరివాళ్ళు పోతును ఇవ్వలేదు. మా ఊళ్ళో మేకలు చూడి కట్టలేదు. దొడ్లలో పిల్లల అరుపు లేదు. అప్పుడు మాట లేచింది. ముసలాడి చెయ్యి తప్పిందన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇన్ని వందల మూగజీవాల వంశం తుంచినవాడు, వాటి ఉసురు తగలకుండా పోతుందా, అందుకే గదా ఆయనకు కడుపు పండలేదు, ఇప్పుడు ఊరికి తగిలింది అన్నారు.

ఆ మాట వాగు రేవు దగ్గర పెద్దమ్మ చెవిన పడింది. ఆవిడ బిందె అక్కడే పడేసి, "ఎవతే అన్నది? నా కడుపు సంగతి మేకలకెందుకే? మీ ఇండ్లల్ల ఎడ్లు నాగలికి నడుస్తున్నయంటే ఎవని చెయ్యది?" అని ఊరంతా వినబడేలా తిట్టిపోసింది. ఇంటికొచ్చి మంచం మీద పడి ఏడ్చింది. పెద్దనాయన లేచాడు. వెదురు బద్దలకు నారతాడు చుట్టి చూరులో దోపేశాడు. మళ్ళీ తియ్యలేదు. కొట్టమని వచ్చినవాళ్ళను నా దగ్గరికి పంపించాడు. నేను అడిగితే తన కుడిచెయ్యి వంక చూసుకుని, "ఇది నాకు అబద్ధం చెప్పిందా బిడ్డా? యాభై ఏండ్లాయె. ఎన్నడూ చెప్పలే" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడ్డం అదే మొదలు నాకు.

అప్పటినుంచి ఆయనకు కావలసింది ఒక్కటే. తప్పు చేతిదా, ఉసురుదా, మరింక దేనిదో? అది తెలియాలి. తెలుసుకుని పోవాలి.

నేను మా డాక్టర్ సాబ్‌ని అడిగాను. రాయ్‌పూర్ వైపు మనిషి, కుర్రవాడు, ఓపికగా వింటాడు. మేత ఏమిటి, నులిపురుగుల మందు వేశారా, ఒకే తల్లి సంతానమా, అన్నీ అడిగాడు. చివరికి నీళ్ళు ఎక్కడివి అన్నాడు. నేను తొట్టి గురించి చెప్పాను, కొంచెం గర్వంగానే. ఆయన కలం కింద పెట్టాడు.

"వాసన పోయిందంటే మందు పోయిందని కాదు. ఎండకూ మట్టికీ నీళ్ళకూ మందు విరుగుతుంది, ముక్కలవుతుంది. పశువు కడుపులో పడ్డాక కూడా విరుగుతుంది. ఆ ముక్కలకు వాసన ఉండదు, గడ్డి చచ్చేంత బలమూ ఉండదు. కానీ కొన్ని రకాల గడ్డిమందుల ముక్కలు ఎదిగే వయసు మగ ఎలుకలకు పట్టించి చూస్తే అవి ఈడుకు రావడం ఆలస్యమైందని నేను చదివాను. ఎదగమని మెదడు నుంచి బీజాలకు ఓ హుకుం వెళ్ళాలి. అది మందగిస్తుంది. పెద్ద పశువుకు ఏమీ తెలియదు. పాలు మానిన పిల్లకు అదే వయసు" అన్నాడు. తరువాత నా ముఖం చూసి, "మేకల మీద ఎవరు చూశారు? మీ ఊరి నీళ్ళ మీద ఎవరు చూశారు? పొలాల నీళ్ళు వాగులోకీ వస్తాయి. తొట్టిదే అని నేను పక్కాగా చెప్పలేను. కానీ నేనైతే ఆ తొట్టి పెట్టను" అన్నాడు.

ఊరికెళ్ళే బస్సులో నాకు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. ఊరంతా ఆ తొట్లే. కానీ ఊరి పోతుపిల్లలన్నిటినీ కొట్టేస్తారు. కొట్టేసిన పిల్ల ఎదిగిందో లేదో ఎవరికి పట్టింది? ఎదగాల్సింది ఒక్కటే. ఆ ఒక్కదాన్నే మా పెద్దనాయన అన్నిటికన్నా ముద్దుగా, మా దొడ్లో, అన్నిటికన్నా మంచి తొట్టి పెట్టి పెంచాడు. చెయ్యి తప్పలేదు. ప్రేమ తప్పింది. ఇది ఆ మనిషికి ఎలా చెప్పను?

చెప్పకూడదనుకున్నాను. ఇంటికెళ్ళి, "చెయ్యి తప్పు కాదంట పెద్దనాయనా. ఉసురూ కాదు. నీళ్ళ తప్పంట" అన్నాను.

"ఏ నీళ్ళు?" అన్నాడు.

"వాగు నీళ్ళు. చేల మందు కలుస్తున్నదంట."

"వాగు నీళ్ళు అందరు తాగవట్టిరి గదా. కుండల పోస్తం, తొట్టిల పోస్తం..." అంటూ ఆగాడు. దొడ్డివైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి, వంగి, ముక్కు పెట్టి వాసన చూశాడు. అలా వంగే ఉండిపోయాడు. నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను. "వాసన లేదు బిడ్డా. నిజంగ లేదు" అన్నాడు. తప్పు చేసిన చిన్నపిల్లవాడిలా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మర్నాటి నుంచి ఇంటింటికీ తిరిగాడు. తను ఇచ్చిన తొట్లు తిరిగి ఇమ్మని అడిగాడు. ఇచ్చేటప్పుడు గడపలోకి పిలిచినవాళ్ళే ఇప్పుడు వాకిట్లో నిలబెట్టారు. ముసలాడికి మతి పోయిందన్నారు కొందరు. కొందరు చెప్పింది విని ఇచ్చేశారు. తెచ్చినదాన్నల్లా ఇనుప చువ్వ కాల్చి అడుగున చిల్లులు పొడిచాడు. తగలబెడదామంటే పొగకు భయం, పాతిపెడదామంటే నీళ్ళకు భయం. ఇంటి వెనక బోర్లించి పెట్టాడు. ఎదురింటి మా అత్త మాత్రం ఇవ్వలేదు. ఆవిడ ఆయనకు వరసకు వదిన, సరసం ఎక్కువ. "ఇచ్చినోడివి నువ్వే, గుంజుకునేటోడివి నువ్వేనా మరిదీ? నా మేకలు బంగారంలెక్క తాగుతున్నయి. నేను సచ్చినంక తీస్కపో" అంది. ఆయన రోజు విడిచి రోజు వెళ్ళి అడుగుతూనే ఉన్నాడు.

పక్క ఊరివాళ్ళను బతిమాలి పోతును తెచ్చుకుంటే, ఆ వానాకాలం ఈతలో మళ్ళీ ఓ పిల్లను ఎంచాల్సి వచ్చింది. ఊరివాళ్ళు ఆయన్ని పిలవలేదు. నన్ను పిలిచారు, సర్కారు మనిషినని. నేను పెద్దనాయన లేనిదే చెయ్యనని మొండికేశాను. ఆయన వచ్చి దూరంగా కూర్చున్నాడు. నేను చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చచేసుకుని ఒక్కోదాన్నీ చూశాను. ఓ నల్లపిల్లను పట్టుకుని ఆయన వైపు చూశాను. తల ఊపాడు. ఇప్పచెట్టు మొద్దు తొలిచి తనే కొత్త తొట్టి చేశాడు. వాగు నీళ్ళు వద్దని గుట్ట మీది ఊట నుంచి కావడి మీద రెండు కుండలు రోజూ తెచ్చేవాడు. అంత ఎత్తుకు ఆ వయసులో. నేను పోట్లాడాను. పెద్దమ్మ తిట్టింది. "ఈ పిల్ల ఎదిగిందంటే నా చెయ్యి మంచిదే. గంతే. తరువాత ఏదైతె అది గానీ" అన్నాడు. కానీ ఆ పిల్లను ఒక్కసారి కూడా తను ముట్టి చూడలేదు. "నా చెయ్యికి ఆశ ఉన్నది. ఆశ ఉన్న చెయ్యి కూడ అబద్ధమే చెప్తది. నువ్వే చూడు" అనేవాడు. నేను వచ్చినప్పుడల్లా చూసి చెప్పాలి. వాకిట్లో నిలబడి, నేను దొడ్లోంచి బయటికి వచ్చేదాకా ఎదురు చూసేవాడు.

ఇంక ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందటి ఆ పొద్దుట.

శుక్రవారం. పని ఒత్తిడిలో రెండు నెలలుగా ఊరికి రాలేదు, ఆ రోజూ సెలవు లేదు. ముందురోజు సాయంత్రం వెళ్ళి రాత్రి ఉండి, పొద్దున్నే మొదటి బస్సు అందుకోవాలని లేచాను. ఆ బస్సు తప్పితే మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు. దారిలో పోలీసుల క్యాంపు దగ్గర దింపి సంచులు చూస్తారు, అక్కడో గంట. మంచు కురుస్తోంది. పళ్ళు కటకటలాడుతున్నాయి. బకెట్లో చన్నీళ్ళతో ముఖమూ చేతులూ కడుక్కుని సంచీ భుజాన వేసుకుంటే పెద్దనాయన, "పిల్లను చూసి పో బిడ్డా. ఆర్నెల్లాయె. ఇప్పుడు తెల్వాలె" అన్నాడు. బస్సు పోతుందని విసుక్కుంటూనే దొడ్లోకి దూరాను. పిల్లను కాళ్ళ మధ్య ఇరికించుకుని చెయ్యి పెట్టాను. అది ఒక్క ఉదుటున ముడుచుకుంది. నా చేతికి తోలు, దాని వెనక చిన్న చిన్న గింజల్లాంటివి తగిలాయి. బయటికొచ్చాను. ఆయన అక్కడే ఉన్నాడు, దుప్పటి కప్పుకుని.

"ఇంకా సిన్నగనే ఉన్నయి పెద్దనాయనా" అన్నాను.

నేను నాలుగడుగులు వేశాక వెనకనుంచి, "చెయ్యి ఎచ్చజేసుకున్నవా బిడ్డా?" అన్నాడు.

"ఆఁ ఆఁ, చేసుకున్న" అన్నాను. వెనక్కి తిరిగి చూడకుండా అన్నాను. బస్సు హారన్ వినబడుతోంది.

అదే నేను ఆయనతో మాట్లాడిన ఆఖరి మాట. అబద్ధం.

శనివారం, ఆదివారం, సోమవారం ఆయన మామూలుగానే ఉన్నాడని పెద్దమ్మ చెప్పింది. "చిల్లులు పొడిచే చువ్వ ముందర పెట్టుకుని కూసున్నడు. నీళ్ళు మాత్రం మానలే" అంది. పిల్ల ఎదగలేదని నేను చెప్పాక కూడా ఊట నీళ్ళు మోస్తూనే ఉన్నాడన్నమాట. ఎందుకో నేను అడగలేదు. అడగాల్సిన మనిషి లేడు.

నేను వెళ్ళేసరికి ఊరంతా వాకిట్లో ఉంది. ఉసురని అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే నాకు ఒళ్ళు మండింది, కానీ వాళ్ళూ ఏడుస్తున్నారు. స్నానం పోయించడానికి ఎవరో అరుగు మీదున్న కావడి కుండలు ఎత్తబోతే పెద్దమ్మ కసిరింది. "అవి పిల్ల నీళ్ళు! ముట్టకున్రి. వాగుల ముంచుకరా పోండి" అంది. మట్టి చేసి, అందరూ వాగులో మునిగి తిరిగి వచ్చారు. అప్పుడు ఎదురింటి అత్త వచ్చింది. చేతిలో తెల్ల తొట్టి. నీళ్ళు ఒంపేసి, తుడిచి తెచ్చింది. దాన్ని ఆయన కూర్చునే చోట, అరుగు కింద పెట్టింది. "రోజు ఇడిసి రోజు అడిగిండు. నేను నవ్విన. రేపు ఎవరొచ్చి అడుగుతరే నన్ను?" అని గోడకు తల ఆనించుకుని ఏడ్చింది.

ఆ తొట్టిని అలా వదలబుద్ధి కాలేదు. పొయ్యిలో చువ్వ పెట్టి ఎర్రగా కాల్చి, ఆయన చేసినట్టే అడుగున నాలుగు చిల్లులు పొడిచాను. ఇంటి వెనక తక్కినవాటి పక్కన బోర్లించాను. అప్పుడు దొడ్లోంచి నల్లపిల్ల అరిచింది. పొద్దుటినుంచి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తొట్టి ఎండిపోయి ఉంది. ఇంత మేత వేద్దామని వెళ్ళాను. అది వచ్చి నా ఒంటికి ఒరుసుకుంది. పొయ్యి దగ్గర కూర్చుని వచ్చిన చేతులు. అలవాటుగా కిందికి పోయింది చెయ్యి.

ఉన్నాయి. ఉసిరికాయలంత. నిండుగా, బరువుగా, రెండు.

నాలుగు రోజుల్లో పెరిగేవి కావు అవి. నేను పశువుల పని చదువుకున్నదాన్ని, నాకు తెలుసు. శుక్రవారం పొద్దున కూడా ఉన్నాయి. నా చన్నీళ్ళ చేతికి భయపడి పైకి దాచుకుందంతే. ఆయన అడిగాడు కూడా. అడిగాడే! పేడలోనే కూర్చుని పిల్లను కరుచుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. "పెద్దనాయనా, ఉన్నయే. నీ చెయ్యి మంచిదే. నాదే పాడుచెయ్యి" అని ఎన్నిసార్లన్నానో. పెద్దమ్మ వచ్చి దొడ్డి తడిక పట్టుకుని నిలబడింది. విన్నది. కోప్పడలేదు. వెళ్ళి అరుగు మీది కుండ ఒకటి ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది.

"ఆయన తెచ్చిన నీళ్ళే. పిల్లకు పొయ్యి" అంది.

ఇప్పమొద్దు తొట్టిలో పోశాను. పిల్ల నా చేతుల్లోంచి విడిపించుకుని వెళ్ళి మూతి ముంచింది. తొట్టి అడుగు కనబడేదాకా తాగింది.